నీటి క్రింద నీటి బాట

పులిగడ్డ అక్విడక్టుపై నిలిచి క్రిందికి చూచినవారికి ఒక వింత గోచరించును. క్రింద కృష్ణవేణి పాయ యొకటి ఇసుకతిన్నెల నడుమ సముద్రము వంకకు సాగుచుండును. పైన, మనుష్యుడు కట్టిన తొట్టివంటి వంతెనలో, ఆ కృష్ణ నీరే కాలువయై దివిసీమకు పోవుచుండును. ఒకే తల్లి కడుపున పుట్టిన రెండు ప్రవాహములు, ఒకటి పైన, ఒకటి క్రింద, ఒకదానినొకటి తాకకుండ తమ తమ త్రోవల పోవుచున్నవి. క్రింది నీరు కడలిలో కలిసి ఉప్పునీరగును. పై నీరు అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు పొలములలో వరి వెన్నులై తలయూచును. ఊరి చెరువులలో త్రాగునీరై నిలుచును.

ఈ దృశ్యమును నిత్యము చూచువారికి ఇందు వింత తోచదు. కాని బడిపిల్లవాడొకడు మొదటిసారి చూచి, "నీరు నీటిని ఎట్లు దాటును?" అని యడిగినచో, ఉపాధ్యాయుడు ఒక్క మాటలో బదులు చెప్పజాలడు. పైనుండి దాటుట కంటికి కనబడును. క్రిందుగా దాటుట కనబడదు. ఏటి యడుగున, కాలువ యడుగున, సముద్రము నడుగున దాగియుండి నీటిని, నూనెను, వాయువును మోయు గొట్టములు నేడు లోకమంతట కలవు. వానిని వేయుట యొక విద్య. వేసిన పిమ్మట పూడిపోకుండ కాపాడుకొనుట మఱియొక విద్య. చెడిపోయినప్పుడు నీటిలోనే బాగుచేయుట అన్నిటికంటె కఠినమైన విద్య.

ఈ విద్యలలో చేయి తిరిగినవారిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారొకరు. కృష్ణరాజసాగరము కట్టించిన మహానుభావుడనియు, మైసూరు దివాను అనియు వారిని మనమందరము ఎఱుగుదుము. కాని వారి ఉద్యోగ జీవితపు తొలి దినములలో చేతికి వచ్చిన పని యొక యేటి యడుగున వేయవలసిన గొట్టమన్న సంగతి చాలమందికి తెలియదు. ఆ గొట్టము వారికేమి నేర్పినదో, ఆ పాఠము మన డెల్టావారికి ఎందుకు కావలెనో చెప్పుటకే యీ వ్యాసము.

మెరక కాలువ, పల్లపు కోడు

కృష్ణా డెల్టాలో నీటికొక లెక్క కలదు. 1852లో మొదలై 1855లో పూర్తియైన విజయవాడ ఆనకట్ట ఆ లెక్కకు మొదటి అంకె. కాటన్‌ దొర సంకల్పమునకు కెప్టెన్‌ ఓర్‌ రూపము కల్పించెను. ఆ ఆనకట్ట స్థానమున 1957లో ప్రకాశం బరాజు వెలసినది. అక్కడినుండి బయలుదేరు ఏలూరు కాలువ, రైవస్‌ కాలువ, బందరు కాలువ తూర్పు డెల్టాకు ప్రాణనాడులు. ఒకప్పుడు బందరు కాలువలో పడవలు నడచెడివి. సరుకును మనుష్యులును ఆ నీటిపైననే బందరు చేరుచుండిరి.

పంటకాలువ మెరకమీద పోవలెను. అట్లు పోయిననే ఇరుప్రక్కల పొలములకు నీరు తనంత తాను దిగును. మురుగుకోడు పల్లమున పోవలెను. అట్లు పోయిననే వాననీరు చేలలో నిలువక బయటికి పోవును. మెరక కాలువయు పల్లపు కోడును ఎల్లకాలము ప్రక్కప్రక్కన నడచుట సాధ్యము కాదు. ఎక్కడనో యొకచోట ఒకటి మఱొకదానిని దాటి తీరవలెను. కలిపివేసినచో మంచినీరు మురుగగును. వరద వచ్చినప్పుడు కాలువ గట్టు తెగును. కావుననే ఒకదానిని పైకెత్తుదురు. లేదా ఒకదానిని క్రిందికి దింపుదురు. క్రిందికి దింపిన కట్టడమును మన రైతులు అండర్‌ టన్నెల్‌ అందురు. విజయవాడకు చేరువనున్న ఎనికేపాడు యొద్ద ఏలూరు కాలువయు బుడమేరును ఒకదానినొకటి దాటుట ఈ విధముననే. గుడివాడ, బందరు ప్రాంతములలో చిన్న చిన్న కాలువలు దాటుచోట్ల ఇట్టి కట్టడములు ఎన్నియో కలవు. పిల్లలు వానిమీద కూర్చుండి గాలములు వేయుదురు గాని, తమ కాళ్లక్రింద ఏమి జరుగుచున్నదో ఊహింపరు.

ఇందలి ప్రాణసంకటము ఏమనిన, సముద్రతీర గ్రామములలో భూమిలోని నీరు ఉప్పన. బావి త్రవ్వినచో చాలచోట్ల నోట పోసికొనరాని నీరే పడును. కాలువ వచ్చి చెరువు నింపిననే వేసవిలో దాహము తీరును. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనయు, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిన ఉప్పెనయు వేలాది ప్రాణములను బలిగొన్నవి. బ్రతికి బయటపడినవారికి మఱునాడు ఎదురైన మొదటి కష్టము ఆకలి కాదు, దాహము. చుట్టును నీరే, త్రాగుటకు చుక్క లేదు. అట్టి సీమలో మంచినీటిని ఉప్పునీటికి, మురుగునీటికి అంటకుండ దాటించు కట్టడము కేవలము ఇటుకయు సున్నమును కాదు. అది ఊరి ప్రాణము.

దిగిన నీరు ఎట్లు ఎక్కును?

"నీరు పల్లమెఱుగు" అని మన సామెత. పల్లమే యెఱిగిన నీరు ఏటి యడుగునకు దిగి, మరల ఆవలి గట్టునకు ఎట్లు ఎక్కును? ఈ ప్రశ్నకు తరగతి గదిలోనే సమాధానము చూపవచ్చును. రెండు బారల పొడవుగల రబ్బరు గొట్టమును తీసికొని, నడుమ వ్రేలాడునట్లు రెండు కొనలను ఇద్దరు విద్యార్థులు పట్టుకొనవలెను. ఒక కొనను కొంచెము ఎత్తుగా పట్టి అందు నీరు పోసినచో, ఆ నీరు అడుగునకు దిగి, రెండవ కొననుండి బయటికి వచ్చును. రెండు కొనలను సమముగా పట్టినచో ప్రవాహము ఆగిపోవును. దిగిన నీటిని ఎక్కించునది వెనుకనుండి దిగుచున్న నీటి బరువే. ఇవతలి మట్టము అవతలి మట్టముకంటె కొంచెము ఎత్తున ఉన్నంతవరకు ప్రవాహము సాగును. ఇంజనీర్లు దీనిని సైఫన్‌ అందురు.

సూత్రము సులభమే. కష్టమంతయు ఆచరణమునందున్నది. మొదటి శత్రువు ఒండ్రు. వేగము తగ్గిన చోట నీటిలోని ఇసుకయు బురదయు అడుగున కూర్చుండును. గొట్టమున అన్నిటికంటె పల్లమైన చోటు నడిమి భాగము. ఒండ్రు చేరునది అచ్చటనే. చేయి పెట్టి తీయుటకు వీలు లేనిదియు అచ్చటనే. కావున గొట్టమును కావలసినదానికంటె పెద్దదిగా చేయరాదు. నీరు సెకనుకు ఇంచుమించు ఒక మీటరు వేగముతో పరుగెత్తునట్లు ఇరుకుగా ఉంచినచో, ఆ పరుగే తన దారిని తాను ఊడ్చుకొనును. పెద్ద గొట్టము మేలు కదాయని తలచుట ఇక్కడ పొరపాటు.

రెండవ శత్రువు తేలిక. ఒక మీటరు వెడల్పుగల గొట్టమును నీటిలో ముంచినచో, ప్రతి మీటరు పొడవునకును సుమారు 785 కిలోల నీటిని అది ప్రక్కకు నెట్టును. అంత బలముతోనే నీరు దానిని పైకి నెట్టును. మరమ్మతునకై నీరు తీసివేసి గొట్టమును ఖాళీ చేసిననాడు, తగిన బరువు లేనిచో అది మట్టిని చీల్చుకొని పైకి లేచును. మూడవ శత్రువు వరద. ఏరు పొంగినప్పుడు అడుగు ఇసుక కదలి, నిన్నటిదాక మట్టిలో నున్న గొట్టము నేడు బయటపడి, నీటి దెబ్బకు విఱుగును. ఈ ముగ్గురు శత్రువులను ఎఱుగనివాడు నీటి యడుగున గొట్టము వేయరాదు.

ఏటిగట్టున యువ ఇంజనీరు

విశ్వేశ్వరయ్యగారి పూర్వులది గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండం గ్రామము. ఆ కుటుంబము మైసూరు రాజ్యమునకు వలసపోయినది. వారు జన్మించినది చిక్కబళ్లాపురమునకు సమీపమున నున్న ముద్దెనహళ్లిలో. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. చిన్ననాటనే తండ్రిని కోల్పోయి, బెంగుళూరులో కష్టపడి చదివి, పిమ్మట పూనాలోని సైన్సు కళాశాలలో 1883లో ఇంజనీరింగు పట్టమును ప్రథమ స్థానముతో పొందిరి. 1884లో బొంబాయి ప్రభుత్వపు పనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరిరి. అప్పటికి వారు ఇంకను యువకులే.

ఖాందేశ్‌ జిల్లా ధూలియా ప్రాంతమున పాంజ్రా నదీ పరీవాహమునందు ఒక యేటిని గొట్టపు సైఫనుతో దాటింపవలెనని వారికి ఆజ్ఞయైనది. కొత్త ఉద్యోగి, తన చదువు ఇంకను చేతివ్రేళ్లలోనికి దిగని వయస్సు. పని మొదలయ్యెను. ఇంతలో వానలు వచ్చెను. ఏటిలో నీరు పెరిగెను. త్రవ్విన చోటనే ఇసుక వచ్చి పూడ్చుచుండెను. వానకాలము గడచువఱకు పనిని ఆపుటకు అనుమతి నిండని ఆయన పై అధికారికి వ్రాసిరి. ఆ కోరికలో అసమంజసమేమియు లేదు. కాని అధికారి సంతోషింపలేదు. పని తప్పించుకొనజూచుచున్నట్లు ఆయనకు తోచినది కాబోలు, మందలింపు వచ్చెను.

చదువరులారా, ఇట్టి సమయమున యువకునికి రెండు దారులు కనబడును. అవమానముచే అలిగి కూర్చుండుట యొకటి. కోపముతో పనిని ఎట్లో యొకట్లు ముగించి చేయి దులుపుకొనుట యొకటి. రెండవది మఱింత ప్రమాదకరము. ఏలయన నీటి యడుగున చేసిన పనిని ఎవరును చూడరు. అతుకు సరిగా పడినదో లేదో, పునాది గట్టిదో కాదో, మట్టి కప్పిన పిమ్మట ఎవరికి తెలియును? ఏటికి తెలియును. ఏడాదికో, పదేండ్లకో అది చెప్పును. విశ్వేశ్వరయ్యగారు మూడవ దారిని పట్టిరి. ఏటి తీరును గమనించుచు, దొరికిన ఎడములలో పనిని ముందుకు త్రోయుచు, చివరకు ఆ గొట్టమును పూర్తిచేసిరి. మందలించిన అధికారియే పిమ్మట మెచ్చుకొనెను.

ఈ చిన్న కథలో రెండు సత్యములున్నవి. నీరు ఎవరి ఆజ్ఞకును లోబడదన్నది మొదటి సత్యము. ఈ విషయమున యువకుడు వ్రాసినది ఒప్పు. అయినను నీరు లోబడదన్నది పని మానుటకు చాలిన కారణము కాదన్నది రెండవ సత్యము. ఈ విషయమున అధికారి తలచినది ఒప్పు. ఈ రెండింటిని కలిపి చూడగలిగిన నాడే ఇంజనీరు పుట్టును. నీటిని గెలుచుటకు బలము చాలదు. దాని స్వభావమును తెలిసికొని, ఆ స్వభావముచేతనే మనపని చేయించుకొనవలెను. విశ్వేశ్వరయ్యగారి తరువాతి పనులన్నిటిని ఈ కంటితో చూచినచో వాని అంతస్సూత్రము తేటపడును.

నీటిచేతనే నీటి పని

సింధు దేశము ఆనాడు బొంబాయి రాష్ట్రమున చేరియుండెను. 1893లో విశ్వేశ్వరయ్యగారిని సక్కర్‌ పట్టణమునకు నీటి సరఫరా ఏర్పాటు చేయుటకు పంపిరి. సింధునది ప్రక్కనే పారుచున్నది గాని ఆ నీరు బురద. వడపోత తొట్లు కట్టుటకు పురపాలక సంఘమువద్ద డబ్బు లేదు. అప్పుడు వారు చేసినదేమి? నది యొడ్డున బావి త్రవ్వించి, నదీగర్భపు ఇసుకగుండ వడిసి వచ్చు నీటిని అందు చేర్చి, ఆ తేటనీటిని పంపులతో గుట్టపైని తొట్టికి ఎక్కించి, అక్కడినుండి ఊరికి పంచిరి. వడపోత తొట్టి కొఱకు వెదకనక్కరలేదు. నది అడుగున ప్రకృతి పఱచిన ఇసుకయే వడపోత తొట్టి.

మన పల్లెల ఆడువారికి ఈ రహస్యము తాతల నాటినుండి తెలిసినదే. వేసవిలో ఏటి ఇసుకను చేతులతో తోడి చెలమ తీసి, ఊరిన తేటనీటిని ముంతతో ముంచి కడవ నింపుట ఎవరు చూడలేదు? చెలమలోని సూత్రమును పట్టణమంతటికి చాలునట్లు విస్తరించుట సక్కర్‌లో జరిగిన పని. పెద్ద ఊహలు పెద్ద గ్రంథములనుండి మాత్రమే రావు.

వారికి ఆవిష్కర్తయను పేరు తెచ్చినది పూనా సమీపమునందలి ఖడక్‌వాస్లా. ముఠానదిపై ఫైఫ్‌ సరస్సున వరదనీరు మిగులు కట్టమీదుగా పొర్లి వృథాగా పోవుచుండెను. కట్టను ఎత్తు చేసినచో నీరు నిలుచును గాని, పెద్ద వరద వచ్చినప్పుడు ఆనకట్టకే ప్రమాదము. మిగులు కట్టపై తలుపులు పెట్టి, నీరు నిండినప్పుడు మనుష్యులచే ఎత్తించుట యొక ఉపాయము. కాని అర్ధరాత్రి వరద వచ్చినచో? కాపలావాడు నిద్రించినచో? విశ్వేశ్వరయ్యగారు తమంతట తామే పనిచేయు తలుపులను కల్పించిరి. నీరు నిర్ణీతమైన మట్టమును దాటగనే ఆ నీటి బలమే తలుపులను ఎత్తును. మట్టము తగ్గగనే తలుపులు తిరిగి మూసికొనును. 1903లో వీనిని అచ్చట అమర్చిరి. సరస్సులో నిలువ మట్టము దాదాపు 8 అడుగులు పెరిగెను. ఈ కల్పనకు పేటెంటు లభించినది. గ్వాలియరు సమీపమున తిగ్రా ఆనకట్టయందును, కృష్ణరాజసాగరమునందును ఇట్టి తలుపులను వాడిరి.

ధూలియాలో నీటి బరువే నీటిని ఆవలి గట్టునకు ఎక్కించెను. సక్కర్‌లో నది యిసుకయే నదిని వడపోసెను. ఖడక్‌వాస్లాలో వరదయే వరదకు తలుపు తీసెను. మూడు చోట్లను విశ్వేశ్వరయ్యగారు శత్రువును పనివానిగా నియమించిరి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదు నగరమును ముంచినప్పుడు, నిజాము ప్రభుత్వము వారిని పిలిపించినది. నగరమునకు ఎగువన వరదను నిలుపు జలాశయములు కట్టుడని వారు చెప్పిరి. ఆ సలహాననుసరించి మూసీపై 1920లో ఉస్మాన్‌సాగరము, ఈసీపై 1927లో హిమాయత్‌సాగరము వెలసినవి. నగరమును ముంచిన నీరే నగరమునకు త్రాగునీరైనది. ఇదియు ఆ సూత్రమే.

కనబడని గాయమునకు మందు

గొట్టము వేసితిమి, ఒండ్రు చేరకుండ చూచుకొంటిమి. అయినను లోహము త్రుప్పు పట్టును, అతుకు వదలును, ఏరు కదలును, పడవ లంగరు తగులును. నీటి యడుగున గొట్టమునకు గాయమైనచో ఏమి చేయవలెను? ఇక్కడ లోకమందలి మఱికొందరు ఆవిష్కర్తలను స్మరింపవలసియున్నది. విచిత్రమేమనగా వారును విశ్వేశ్వరయ్యగారి సూత్రమునే వేర్వేరు భాషలలో పలికిరి.

మొదటివాడు ఆవిరి యంత్రమునకు ప్రసిద్ధుడైన జేమ్స్‌ వాట్‌. 1811 ప్రాంతమున గ్లాస్గో నగరపు నీటి కంపెనీవారు క్లైడ్‌ నది యడుగున గొట్టము వేయదలచి ఆయన సలహా నడిగిరి. నది యడుగు మిట్టపల్లములుగా నున్నది, పైగా కదలుచుండును. బిఱుసైన గొట్టము వేసినచో విఱుగుట తథ్యము. వాట్‌ లాబ్‌స్టర్‌ అను పెద్ద సముద్రపు రొయ్య తోకను చూచి, గుండ్రని కీళ్లతో ఎటైనను వంగు గొట్టమును కల్పించెను. అది నది యడుగున ఒదిగి పడుకొనెను. బందరు పిల్లలకు రొయ్య తోక తెలియనిది కాదు. విఱుగకుండుటకు మార్గము మఱింత గట్టిపడుట కాదు, వంగుట యని ఆ రొయ్య చెప్పినది. రానున్న గాయమును ముందుగనే తప్పించుట మొదటి వైద్యము.

రెండవది, మనుష్యుడు నీటిలోనికి దిగి గాయమును తడవి చూచుట. 1837లో అగస్టస్‌ సీబ్‌ అను ఆయన శిరస్త్రాణముతో కూడి నీరు చొరని దుస్తును నిర్మించెను. పైనుండి పంపుతో గాలి అందించుచుండగ, ఆ దుస్తు తొడిగినవాడు నీటి యడుగున నిలిచి పనిచేయగలిగెను. అయినను లోతునకు పోయినకొలది కష్టము పెరుగును. ప్రతి 10 మీటర్ల లోతునకును చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలో చొప్పున ఒత్తిడి అధికమగును. చీకటి, బురద, చలి, ప్రవాహపు లాగుడు తోడగును. విఱిగిన గొట్టమునకు రెండు చెక్కలుగ నున్న ఇనుప కప్పును తొడిగి మరలతో బిగించుట ఇట్టివారు చేయగలిగిన మరమ్మతు. నేటికిని చాలచోట్ల మొదటి చికిత్స అదియే.

కాని చీలిన లోహమును కరగించి అతుకుట ఎట్లు? నీటిలో నిప్పు వెలుగునా? వెలుగునని 1932లో రష్యా దేశమందు కాన్‌స్టాంటిన్‌ ఖ్రెనోవ్‌ అను శాస్త్రజ్ఞుడు ఋజువు చేసెను. 1894లో పుట్టి 1984లో మరణించిన ఈయన విద్యుత్తుతో లోహములను అతుకు శాస్త్రమున నిపుణుడు. విద్యుత్‌ కడ్డీకి నీరు చొరని పూత పూసి, దానిని నీటిలోనే లోహమునకు దగ్గరగా చేర్చినప్పుడు ప్రజ్వలించు విద్యుజ్జ్వాల చుట్టుపట్ల నీటిని క్షణములో ఆవిరిచేయును. ఆ ఆవిరియు ఇతర వాయువులును జ్వాల చుట్టు ఒక బుడగగా ఏర్పడును. ఆ బుడగలోపల జ్వాల ఆరక మండును. లోహము కరగి అతుకుకొనును. నల్లసముద్రమున దీనిని పరీక్షించి చూచిరి. గమనింపుడు: నిప్పును ఆర్పవచ్చిన నీరే ఆవిరియై నిప్పునకు గొడుగు పట్టినది! శత్రువును పనివానిగా నియమించుటకు ఇంతకంటె అందమైన ఉదాహరణము దొరుకునా?

ఇందును ఒక లోపము కలదు. చుట్టునున్న చన్నీరు కరగిన లోహమును ఒక్కుమ్మడిగ చల్లార్చుటచే అతుకు పెళుసగును. గొప్ప ఒత్తిడితో నూనెను, వాయువును మోయు గొట్టములకు పెళుసు అతుకు పనికిరాదు. అందుచే గాయమైన చోట గొట్టముపై ఒక పెట్టెను బోర్లించి, అందు వాయువును నింపి, నీటిని బయటికి నెట్టి, పొడిలో పనిచేయు పద్ధతి వచ్చినది. దీనిని కూడ తరగతిలో చూపవచ్చును. గాజు గ్లాసు అడుగున కాగితమును కూరి, గ్లాసును తలక్రిందులుగ నీటితొట్టిలో నిట్టనిలువున ముంచి తీయుడు. కాగితము తడియదు. లోపలి గాలి నీటిని రానీయదు. సముద్రగర్భపు గొట్టములను బాగుచేయు గొప్ప పెట్టెలో నున్న సూత్రమును, బడిలోని గాజు గ్లాసులో నున్న సూత్రమును ఒక్కటే.

మనుష్యుడు దిగజాలని లోతులలో ఓడపైనుండి నడిపించు యంత్రములు ఆ పనిని చేయుచున్నవి. ఈ సంగతులు మనకు దూరపు కబుర్లు కావు. కృష్ణా గోదావరీ ముఖద్వారముల కెదురుగ బంగాళాఖాతపు గర్భమున 2002లో సహజవాయువు కనుగొనబడినది; 2009లో దానిని వెలికితీయ నారంభించిరి. వందలాది మీటర్ల లోతున పడుకొనిన గొట్టములలో ఆ వాయువు ఒడ్డునకు వచ్చుచున్నది. మన తీరమున పుట్టి పెరుగు పిల్లలలో కొందరైనను రేపు ఆ గొట్టములకు వైద్యులు కావలసినవారే.

మన ఊరి తూము

అంత లోతునకు పోవుటకు ముందు, మన ఊరి ప్రక్కనున్న అండర్‌ టన్నెల్‌ను ఒకసారి చూచుట మేలు. దాని నోటియొద్ద గుఱ్ఱపుడెక్క ఆకు పేరుకొని యున్నదా? కొట్టుకొని వచ్చిన చెత్త అడ్డుపడి యున్నదా? వేసవిలో కాలువ కట్టినప్పుడు లోపలి ఒండ్రును తీసిరా? ఈ ప్రశ్నలు చిన్నవి. కాని కాలువ నీరు చివరి ఊరికి చేరుటయు, చేరకపోవుటయు ఈ చిన్న ప్రశ్నలమీదనే ఆధారపడియున్నది. పై ఊరిలో సగము పూడిన తూము క్రింది ఊరిలో ఎండిన చెరువు. వానకాలమున అదే తూము మునిగిన చేను. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు గట్లకు గండ్లుపడి విజయవాడలో వేలాది ఇండ్లు నీట మునిగినప్పుడు, సంవత్సరములుగ ఎవరును తలపని ఆ యేటి పేరు అందరి నోటను వినవచ్చెను. నీటి దారిని మఱచినవారికి నీరే తన దారిని గుర్తుచేయును.

కట్టించినవారి పేరు శిలాఫలకముపై నుండును. ఏటేట ఒండ్రు తీయించి, పగులు పూడ్పించి, తలుపునకు చమురు పెట్టించి కాపాడినవారి పేరు ఎక్కడను ఉండదు. కాని కాలువ చివర నున్న నాగాయలంక రైతునకు ఇద్దరును సమానులే. లస్కరు తెల్లవాఱుజామున గట్టువెంట నడచి చూచు చూపు, ఇంజనీరు కాగితముపై గీచిన గీతకంటె తక్కువది కాదు. విశ్వేశ్వరయ్యగారు 1955లో భారతరత్న బిరుదము నందిరి. 1962లో, నూఱేండ్లు నిండిన పిమ్మట కన్నుమూసిరి. అంతటివారి వృత్తి జీవితపు ఆరంభమున నున్నది ఒక యేటి యడుగున, మట్టిక్రింద, ఎవరికిని కనబడని ఒక గొట్టము.

ఏటేట సెప్టెంబరు 15న వారి జన్మదినమును ఇంజనీర్ల దినోత్సవముగ జరుపుకొందుము. ఆనాడు పాఠశాలలలో వారి పటమునకు పూలమాల వేయుట మంచిదే. ఆ తరువాత ఉపాధ్యాయులు పిల్లలను వెంటబెట్టుకొని ఊరి కాలువ కట్టునకు పోయి, నీరు నీటిని దాటుచోట నిలిపి, ఒక ఎండుటాకును ఇవతలి నోట విడిచి, అది ఆవలి నోట తేలువఱకు ఎంచుమని చెప్పినచో ఇంకను మంచిది. ఆకు మునిగిన క్షణమునుండి తేలిన క్షణము వఱకు పిల్లవాని మనస్సు నీటి యడుగున ప్రయాణము చేయును. ఆకు త్వరగా తేలినచో తూము బాగున్నది. ఎంతకును తేలకున్నచో, ఆ సంగతిని పెద్దలకు చెప్పవలసిన బాధ్యత ఆ పిల్లవానిది.